ఇరవై పాళ్లు చెక్క

రోజు 1

తిప్పేస్వామి మామ ఈ పుస్తకం చేతికిచ్చి, "దినామూ రాయాల. తిట్లు రాయగూడదు" అన్నాడు. మొదటిదానికి ఒప్పుకున్నాను.

నా పేరు ఉల్క. పంతొమ్మిదేళ్లు. కొత్త కదిరి, ఐదో గుమ్మటం, కోళ్ల షెడ్డు. నా కింద నలభై పెట్టలు, ఒక పుంజు. పుంజు ఏ పనీ చెయ్యదు, అరుస్తుంది. ఊళ్లో కొందరు మమ్మల్ని పోలుస్తారు.

నిన్న భూమి నుంచి ఓడ దిగింది. నట్లు వచ్చాయి, మందులు వచ్చాయి, గుమ్మటం పెద్ద తిప్పేస్వామి మామకు కొత్త కళ్లజోడు వచ్చింది. కోళ్ల మేత గుళికలు మాత్రం రాలేదు. బరువు ఎక్కువైందని ఎక్కేముందే దింపేశారట. మళ్లీ ఓడ రావడానికి రెండేళ్లు.

పొద్దున సభ పెట్టారు. "తొమ్మిది దినాలకు మేతుండాది. ఆ పైన కోళ్లను కోసేద్దాం" అని మామ తేల్చేశాడు. నేను బల్ల ఎక్కాను. మేత కోసం ఆకాశంకేసి చూసే జాతికి స్వాతంత్ర్యం లేదన్నాను. మన పొలంలో మనం పారేసేదే కోడికి మేత అన్నాను. ఎవరో దిగమన్నారు. దిగలేదు.

చివరికి అరవై రోజులు ఇచ్చారు. మనుషులు తినేది పిడికెడు కూడా ముట్టుకోకూడదు. అరవయ్యో రోజు మధ్యాహ్నంలోపు ఇరవై నాలుగు గుడ్లు చూపించాలి. లేకపోతే కూర.

కూర అన్నప్పుడు మామ కళ్లు మూసుకున్నాడు.

ఈ రోజు గుడ్లు: ముప్పై ఒకటి.

రోజు 2

మా తాత ట్రంకుపెట్టె అంతా కరపత్రాలే. భూమి మీద వీధుల్లో పంచినవి. నేను అక్షరాలు నేర్చుకున్నది వాటిలోనే. "నీటి మీద హక్కు ఎవరిది?" నాకు నోటికొచ్చు. ఈసారి అడుగు నుంచి వెతికితే దొరికింది: "పెరటి కోళ్లు: రైతు సోదరులకు సూచనలు". రైతు సోదరీమణులను మరిచిపోయారు. అయినా క్షమించాను, ఎందుకంటే ఆరో పేజీలో మొత్తం లెక్క ఉంది. నూరు పాళ్ల మేతకు నూకలు నలభై, తవుడు ఇరవై ఐదు, చెక్క ఇరవై, ఎండుటాకు పొడి ఎనిమిది, గుల్ల పొడి ఆరు, ఉప్పు ఒకటి.

అన్నీ మన దగ్గర ఉన్నవే! కొర్రలు దంచితే నూకలు, తవుడు వస్తాయి. ఇన్నాళ్లూ ఎరువు గుంటలో పోశాం. చిలగడదుంప తీగలు, మునగాకు ఈనెలు, అన్నీ పారేసేవే. గుల్లకు బదులు గుడ్డుపెంకులు. వంటింటికి వెళ్లి పెంకులు పారెయ్యొద్దని చెప్పి వచ్చాను.

ఒక్క చెక్క దగ్గరే ఆగాను. కోడి చెక్క తింటుందా?

ఏడో పేజీలో సమాధానం దొరికింది. "చెక్కయందు మాంసకృత్తులు అధికము. చెక్క లేనిదే గుడ్డు లేదు. గట్టిగాను, కొత్తగాను ఉన్న చెక్కను బాగా నలగగొట్టి, నానబెట్టి కలపవలెను. బూజు పట్టినది పనికిరాదు." ఎనిమిదో పేజీ చెదలు తినేసింది.

అనుమానం ఎందుకని గోడ తెర మీద నిఘంటువు తెరిచాను. "చెక్క: 1. చెట్టు మానును కోయగా వచ్చునది, కలప." మొదటి అర్థం చదివి తెర ఆపేశాను. భూమి మీద చెట్లు ఎంత బలమైనవో అని గర్వంగా అనిపించింది. నేను చూసిన చెట్టు మునగ ఒక్కటే.

రోజు 3

మేతలో నూకలు, తవుడు కొంచెం కొంచెంగా కలపడం మొదలుపెట్టాను. గుళికలకు అలవాటుపడ్డ కోళ్లు తవుడు చూసి నా మొహం చూశాయి.

ఇక్కడి దీపాలు రోజుకు పదకొండు గంటలే వెలుగుతాయి. గుడ్లు పెట్టే కోళ్లకు పదహారు గంటల వెలుతురు ఉండాలని నాలుగో పేజీ. కరెంటు ఎక్కడ పోతోందని చూస్తే గానుగ దగ్గర తేలింది. ఓబులమ్మవ్వ గానుగ. ఊళ్లో పండే బుడ్డలన్నీ, అంటే వేరుశనగలన్నీ, అందులోనే ఆడి నూనె అవుతాయి. పిప్పి గొట్టంలోంచి నేరుగా గ్యాసు తొట్టిలోకి పోతుంది.

గోడ మీద పోస్టరు అతికించాను: "కరెంటు తాగే రాక్షసిని ఆపండి! కోళ్లకు వెలుగు ఇవ్వండి!" రాక్షసి అంటే గానుగ. కానీ గానుగ బొమ్మ నాకు సరిగ్గా కుదరలేదు. ఓబులమ్మవ్వలాగా వచ్చింది.

సాయంత్రం అవ్వ షెడ్డు దాకా వచ్చింది. డెబ్బై ఆరేళ్లు. భూమి మీద పుట్టినవాళ్లలో మా గుమ్మటంలో మిగిలింది ఆమె ఒక్కతే.

"ఏంమే, నేను రాక్షసినా?"

"గానుగ గురించి రాశానవ్వా. అది వ్యవస్థ మీద విమర్శ."

"వ్యవస్థకు నా మాదిరి ముక్కుపుడక పెట్టినావే?"

జవాబు లేనప్పుడు నా గొంతు పెరుగుతుంది. పెరిగింది. అవ్వ పోతూ పోతూ, "ఇంక నీతో మాట్లాడితే నా పేరు ఓబులమ్మ గాదు" అంది.

మంచిది. పోరాటంలో ఇలాంటివి ఉంటాయి.

రోజు 10

గుళికలు అయిపోయాయి. ఈ రోజు నుంచి పూర్తిగా మన మేత. చెక్క తప్ప అన్నీ ఉన్నాయి.

మునగ కొమ్మ ఒకటి అడిగి నరికించాను. లోపల పీచు. గట్టి చెక్క అన్నారు కదా. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కలప వస్తువు అప్పడాల కర్ర. ఆకురాయి పెట్టి అరగదీశాను. బంగారు రంగు పొడి, మంచి వాసన. నానబెట్టి కలిపాను. ఇరవై పాళ్లు ఎక్కడ, అర పాలు కూడా పడలేదు.

అమ్మ అప్పడాల కర్ర వెతుకుతోంది. నేనూ వెతుకుతున్నాను, ఆమె పక్కనే.

గుడ్లు: ఇరవై ఆరు.

రోజు 17

గుడ్లు: పద్దెనిమిది. తవుడు, నూకలు బాగానే తింటున్నాయి. కడుపులు నిండుతున్నాయి. బలం రావడం లేదు. అప్పడాల కర్ర వారం కిందటే అయిపోయింది.

"చెక్క లేనిదే గుడ్డు లేదు." కరపత్రం అబద్ధం చెప్పదు.

తిప్పేస్వామి మామ తనిఖీకి వచ్చాడు. పెట్టల వీపులు తడిమి చూశాడు. ఆరోగ్యం చూస్తున్నాడో, ఇంకేం చూస్తున్నాడో.

"కొవ్వు బాగనే పట్టింది పాపా."

"మామా, అవి కార్మికులు. సరుకు కాదు."

"కార్మికులు పన్జేయడం ల్యాదు గదమ్మా."

(ఇక్కడ రాయకూడని మాట ఒకటి ఉంది.)

రోజు 24

గుడ్లు: పదకొండు. మిషను గది నుంచి సుత్తి పిడి తెచ్చాను. నాలుగు రోజులు వచ్చింది. కొత్త పిడి ఇనుముతో చేసి పెట్టాను, ఎవరూ పోల్చుకోలేదు.

పెట్టల్లో నాకు ఇష్టమైనది గొర్రి. పై ముక్కు కొంచెం విరిగి ఉంటుంది, అందుకే ఆ పేరు. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి కోళ్లు ఎగిరితే కప్పు దాకా పోతాయి. గొర్రి రోజూ ఎగిరి నా భుజం మీద దిగేది. మూడు రోజులుగా ఎగరడం లేదు. నేల మీదే కూర్చుని ఈకలు పీక్కుంటోంది.

ఆకలి అనే మాట మీద తొంభై కరపత్రాలు చదివాను. ఆకలి ఇలా ఉంటుందని, తిన్న తర్వాత కూడా ఉంటుందని, ఒక్కదాంట్లోనూ లేదు.

రోజు 29

మా చిన్నాయన కూతురు నాగవేణి అక్కకు ముప్పై ఏడో రోజున పెళ్లి. పెళ్లికొడుకు ఈరన్న, నీళ్ల గొట్టాల పని చేస్తాడు. మంచివాడు. తక్కువ మాట్లాడతాడు. అక్క ఆ లోటు తీరుస్తుంది.

పెళ్లి అంటే పీటలు. కొత్త కదిరి మొత్తానికి ఒకటే జత. మొదట వచ్చినవాళ్లు బట్టలు తగ్గించుకుని మరీ తెచ్చిన టేకు పీటలు. సభ గదిలో అద్దాల పెట్టెలో ఉంటాయి. మా అమ్మా నాన్నా వాటి మీదే కూర్చున్నారు. ఊళ్లో ప్రతి జంటా వాటి మీదే కూర్చుంది. పెళ్లికి ముందు పీటలు కడిగి, పసుపు రాయడం పెళ్లికూతురి చెల్లెలి పని.

పెళ్లికూతురి చెల్లెలు నేను.

పీటలు ఇప్పుడు నా మంచం కింద ఉన్నాయి. గట్టివి. బూజు లేదు.

లేదు. చెయ్యను.

రోజు 30

గుడ్లు: ఆరు.

చేశాను.

పైన ముట్టుకోలేదు. ఒక్క పీటకే, కింది వైపు నుంచి, చదునుగా. మనుషులు ఇక్కడ తేలిక, పల్చబడ్డా మోస్తుంది. నలభై ప్రాణాలా, ఒక పీట అడుగా? ఏ న్యాయస్థానంలోనైనా గెలుస్తాను. పొద్దున్న అందరూ పొలం గుమ్మటంలో ఉండగా కూర్చుని, చేతులు బొబ్బలెక్కేదాకా అరగదీశాను. ఆ పీట మీద కూర్చున్న వాళ్లందరూ ఒక్కొక్కరే గుర్తుకొస్తుంటే కరపత్రం పైకి చదువుకుంటూ అరగదీశాను.

గొర్రి తినలేదు. ముక్కుతో పొడిని పక్కకు తోసి, కింద ఉన్న నూకలు ఏరుకుంది.

రోజు 37

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సభ గది నిండా జనం. తిప్పేస్వామి మామ కొత్త కళ్లజోడుతో పెళ్లి జరిపిస్తున్నాడు. నాగవేణి అక్క కూర్చుంది. ఏమీ కాలేదు. ఈరన్న కూర్చున్నాడు. ఏమీ కాలేదు. నేను ఊపిరి వదిలాను. అప్పుడు ఈరన్న, అక్షింతల పళ్లెం అందుకోవడానికి కొంచెం ముందుకు వంగాడు.

ఫట్!

పీట నడిమికి రెండయింది. ఈరన్న వెనక్కి పడి కాళ్లు పైకి లేపాడు. అక్షింతలు మెల్లగా, చాలా మెల్లగా గాల్లోంచి దిగుతున్నాయి. అందరి కళ్లూ వాటి వెంటే నేలదాకా దిగాయి.

మామ ముక్కలు తిరగేశాడు. ఆకురాయి గీతలు అందరికీ కనిపించాయి.

"ఉల్కా," అంది నాగవేణి అక్క, చాలా నెమ్మదిగా. "పసుపు రాసింది నువ్వే గదమే?"

పారిపోవచ్చు. కానీ గుమ్మటంలో ఎక్కడికి పారిపోతారు? బల్ల ఎక్కాను.

"అవును, నేనే! కోళ్లకు పెట్టాను. చెక్క లేనిదే గుడ్డు లేదు. ఇది నా మాట కాదు, శాస్త్రం. ఇరవై పాళ్లు చెక్క, నలగగొట్టి నానబెట్టి..." కరపత్రం తీసి ఏడో పేజీ మొత్తం చదివాను. చదువుతూ ఉంటే ఏడుపు వచ్చింది. అయినా ఆపలేదు. "అయినా చాలలేదు. కోళ్లు పోతున్నాయి. ఆరు గుడ్లకు వచ్చాయి. ఇంకెక్కడుంది చెక్క? చెప్పండి, ఎక్కడుంది?"

సన్నటి శబ్దం వచ్చింది. వెనక వరసలో ఓబులమ్మవ్వ. మొదట దగ్గుతోందనుకున్నాను. నవ్వుతోంది. కొంగు నోట్లో కుక్కుకుని, పక్కనున్నామె భుజం పట్టుకుని, కళ్లలో నీళ్లు కారేలా నవ్వుతోంది.

లేచి బయటికి పోయింది. అందరూ అవ్వకు పిచ్చెక్కిందనుకున్నారు.

"ముహూర్తం ఇంగ పది నిమిషాలే ఉండాది" అన్నాడు మామ గడియారం చూసి. "పీట లేకుండా ఎట్లప్పా?"

అవ్వ తిరిగొచ్చింది. చేతుల్లో గుండ్రంగా, చేటంత వెడల్పు, నాలుగు వేళ్ల మందాన గోధుమరంగు పలక. తెచ్చి ఈరన్న ముందు దబ్బున వేసింది. గదంతా వేయించిన బుడ్డల వాసన.

"గానుగ అడుగున అంటుకోని ఉంటాది. మూడు నెలలకోసారి గీకి తీస్తా. ఈ పొద్దే తీసినా. ఏంమే, ఇదేందో తెలుసునా?"

"పిప్పి" అన్నాను.

"మీ తొట్టిలోకి పొయ్యేటప్పుడు పిప్పి. మా కాలంలో ఇట్ల బిళ్లలు బిళ్లలుగా వస్తాండె. దీన్ని ఏమంటారో చెప్పు?"

ఎవరికీ తెలియదు. యాభై మంది ఒక ముసలామె నోటికేసి చూస్తున్నారు.

"చెక్క! బుడ్డల చెక్క! కోళ్లకు ఈ చెక్క పెట్టమని రాసింటే, నువ్వు పెండ్లి పీట పెట్టినావే పిచ్చిమొగమా!"

నేను బల్ల దిగాను.

నవ్వు మొదట ఈరన్న మొదలుపెట్టాడు, నేలమీద పడుకునే. తర్వాత గదంతా. నాగవేణి అక్క చివరన నవ్వింది. నవ్వే ముందు నా జడ గట్టిగా ఒకసారి లాగింది. అంతకు ఒప్పుకున్నాను.

ఈరన్న ఆ చెక్క మీదే కూర్చున్నాడు. రాయిలా మోసింది. తాళి కట్టి లేస్తే పంచె వెనక చేటంత నూనె మరక. ఆ పంచె ఇక ఉతకనన్నాడు.

అమ్మ నా దగ్గరికి వచ్చి ఒకే మాట అడిగింది. "అప్పడాల కర్ర?"

తల ఊపాను.

రోజు 38

నిఘంటువు మళ్లీ తెరిచాను. "చెక్క: 1. చెట్టు మానును కోయగా వచ్చునది, కలప. 2. నూనెగింజలను గానుగాడగా మిగులు పిండి. పశువులకును కోళ్లకును మేత."

రెండో అర్థం. ఒక్క వేలు కిందికి జరిపి ఉంటే సరిపోయేది.

గానుగ దగ్గరికి వెళ్లాను. తలుపు బయట నిలబడ్డాను. క్షమాపణ కాగితం మీద రాసుకుని వెళ్లాను, పేరాలుగా.

"చదవాల్నా?" అంది అవ్వ. మాట్లాడనని ఒట్టు పెట్టుకున్న సంగతి ఇద్దరం ఎత్తలేదు.

"మూడు పేజీలే."

"వద్దులే. గొట్టం కింద బకెట్టు పెట్టు."

రోజుకు బకెట్టున్నర. ఇన్నాళ్లూ ఆరడుగుల దూరంలో, గోడకు అవతల, తొట్టిలోకి పోయింది. వంటింటి వాళ్లు గ్యాసు తగ్గుతుందని గొడవకు వచ్చారు. నేను నోరు తెరిచేలోపే అవ్వ అంది: "కోడి తిన్న్యాక మిగిలేది యాడికి పోతాది? ఆ తొట్టిలోకే గదా. నడుమ ఒక గుడ్డు వస్తాది, అంతే."

ఇంత చిన్న వాక్యంలో ఇంత ఆర్థికశాస్త్రం నేను ఏ కరపత్రంలోనూ చూడలేదు.

తడి చెక్క వెంటనే ఆరబెట్టాలట, లేకపోతే బూజు పట్టి కోళ్ల కాలేయం తింటుందట. ఎనిమిదో పేజీలో అదే ఉండి ఉంటుంది. చెదలు తిన్న పేజీ ఓబులమ్మవ్వ దగ్గర ఉంది.

రోజు 46

గుడ్లు: తొమ్మిది. గొర్రి లేచి నిలబడింది. ఇరవై పాళ్లు చెక్క, నిజం చెక్క.

గోడ మీద పాత పోస్టరు తీసి కొత్తది వేశాను. గానుగ బొమ్మ. ఈసారి కూడా ముక్కుపుడక వచ్చింది. అవ్వ చూసి, "ముక్కు కొంచెం సన్నంగా వెయ్యి" అంది.

రోజు 54

గుడ్లు: పదిహేడు. గొర్రి నా భుజం మీద దిగింది. మీద ఏదో వేసింది కూడా. పర్లేదు.

కొత్త బాధ. ఇన్ని వారాలు గుడ్లు తగ్గిపోయి వంటింట్లో పెంకులు లేవు. పెంకు పొడి లేక రెండు మూడు గుడ్లు మెత్తగా, తోలుతిత్తిలా వస్తున్నాయి. తోలుగుడ్లు. ఆరు రోజులుంది.

రోజు 60

మధ్యాహ్నం. తిప్పేస్వామి మామ, వెనక సగం ఊరు. ఎవరో పెద్ద గిన్నె కూడా తెచ్చారు. ఎవరో నాకు తెలుసు, రాయను.

మామ ఒక్కొక్క గుడ్డూ వెలుగుకు పట్టుకుని లెక్కపెట్టాడు. ఇరవై రెండు. బుట్ట అడుగున ఇంకో రెండు. వేలితో నొక్కాడు. సొట్ట పడింది.

"ఇవి లెక్కలేకి రావు పాపా. గుడ్డంటే పెంకుండాల."

బల్ల కోసం చూశాను. షెడ్డులో బల్ల లేదు, అదృష్టం. పదిదాకా లెక్కపెట్టి గోడ తెర దగ్గరికి నడిచాను.

"మామా, చదువుతాను. 'గుడ్డు: 1. పక్షులు, పాములు మొదలగునవి పెట్టునది, అండము. 2. కంటిలోని గుండ్రని భాగము.' ఈసారి రెండో అర్థం కూడా చదివాను, అది మనకు అక్కర్లేదు. మొదటిదాంట్లోనే పాములని ఉంది. పాము గుడ్డుకు గట్టి పెంకు ఉంటుందా?"

ఇక్కడ పామును చూసినవాళ్లెవరు?

అందరి తలలూ ఒకేసారి ఒక వైపు తిరిగాయి.

ఓబులమ్మవ్వ గడ్డివామి మీద కూర్చునున్నట్టు మేత మూట మీద కూర్చుని ఉంది. తొందరపడలేదు. నోట్లో వక్క పక్కకు జరిపింది.

"మా చేన్లో తవ్వేటప్పుడు చానాసార్లు చూసినా" అంది. "తోలే. అచ్చం ఇట్లే నొక్కుకుంటాది."

మామ కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. గిన్నె తెచ్చినాయన గిన్నెను వెనక్కి దాచాడు.

"ఇరవై నాలుగు" అన్నాడు మామ.

పుంజు కూసింది. తన ఘనతే అనుకుని ఉంటుంది.

అందరూ వెళ్లాక మామ ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "కూర ఎట్లా ల్యాదు. ఒక గుడ్డన్నా ఇస్తావా?"

పెంకున్నవన్నీ బడి పిల్లలవి, జబ్బుపడ్డవాళ్లవి. తోలుగుడ్లు రెండూ ఆయన అరచేతుల్లో పెట్టాను. పగలకుండా, రెండు చేతులూ చాపి, గుమ్మటం పెద్ద తాపీగా నడుచుకుంటూ వెళ్లాడు.

రోజు 61

గుడ్లు: ఇరవై ఐదు. పెంకులు వంటింటి నుంచి వెనక్కి వస్తున్నాయి.

విరిగిన పీట ముక్కలు ఏం చెయ్యాలని సభలో అడిగారు. అతికించడం కుదరదు. అద్దాల పెట్టెలో ఒక్క పీటే ఉంది. దాని పక్కన ఓబులమ్మవ్వ ఆడించిన చెక్క పలక ఒకటి పెట్టారు; వచ్చే పెళ్లికి మళ్లీ కొత్తది ఆడిస్తుందట, పెళ్లయ్యాక పాతది నా కోళ్లకు.

ముక్కలు నాగవేణి అక్క అడిగి తీసుకుంది. పొద్దున ఈరన్నను వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చింది. ఆయన మాట్లాడకుండా రెండు ముక్కలకూ రంధ్రాలు వేసి, గొట్టానికి బిగించి, నా తల ఎత్తున అడ్డంగా కట్టాడు. గొర్రి కిందనుంచి చూసింది, ఎగిరింది, టేకు మీద దిగి కాళ్లు ముడుచుకుంది. దాని వెనక ఇంకో నాలుగు.

ఓబులమ్మవ్వ బకెట్టు దించి, నడుము పట్టుకుని పైకి చూసింది.

"ఎట్లయితేనేం" అంది, "కోళ్లకు చెక్క పెట్టినావు పో."